పద్దెనిమిదో గిలక్కాయ

హనోయ్‌లో విమానం దిగేసరికి ఉదయం ఆరు నలభై. సెప్టెంబరు నెల. ముప్పై డిగ్రీలు, గాలి నిండా తడి. మా అనకాపల్లి వైపు తుపానుకు ముందు రోజు ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. మేం ఎనిమిదిమందిమి. అందరం సైన్యంలో ఇంజనీర్ల దళంవాళ్లమే. అంటే వంతెనలు కట్టేవాళ్లం, మందుపాతరలు తీసేవాళ్లం. నేను హవల్దారును. అప్పటికి పందొమ్మిదేళ్ల సర్వీసు. ఆ దేశపు సైనికులతో కలిసి ఇరవై మూడు రోజుల శిక్షణకు వచ్చాం. యుద్ధంలో పడి, పేలకుండా భూమిలో మిగిలిపోయిన బాంబుల్ని ఎలా వెతుకుతారో, ఎలా గుర్తుపడతారో ఒకరి దగ్గర ఒకరం నేర్చుకోవాలి.

ట్రక్కు ఎక్కకముందే మా మేజర్ సాబ్ మూడు ఆర్డర్లు చదివారు. ఒకటి, అనుమతి లేకుండా గేటు దాటకూడదు. రెండు, దుబాసీ లేకుండా ఊళ్లోవాళ్లతో పని పెట్టుకోకూడదు. మూడు, నిజమైన బాంబు దొరికితే వాళ్ల దళమే చూసుకుంటుంది, మనం తాకకూడదు, దగ్గరకు పోకూడదు. ఇరవై మూడు రోజుల్లో వీటిలో రెండింటిని తప్పిన మగాణ్ని నేనొక్కణ్నే.

నా కిట్ బరువు ముప్పై రెండు కిలోలు. అందులో సర్కారు లెక్కలో లేనిది ఒక మూట. మా ఆవిడ పాత చీర ముక్కలో చుట్టిన పద్దెనిమిది గిలక్కాయలు. మాది ఏటికొప్పాక. మా మామ లక్కబొమ్మలు చేస్తాడు. మామంటే మా అమ్మ తమ్ముడు, తరవాత నాకు పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. నేను బయల్దేరే ముందు రోజు ఆయనే ఆ మూట కట్టాడు.

"దేశం కాని దేశం ఎల్తన్నావు. ఒట్టి సేతుల్తో ఎల్తావేట్రా? అక్కడ మాత్రం పిల్లలుండరా?" అన్నాడు.

మంచి మాటే. కాదనలేదు.

ఆ గిలక్కాయ ఎలా ఉంటుందో చెప్పాలి. అంకుడు కర్రను మిషను మీద తిప్పి గుండ్రంగా చెక్కుతారు. సైజు పెద్ద జామకాయంత. పట్టు దొరకడానికి చుట్టూ నిలువు గాడులు. లోపల తొలిచి నాలుగు గులకరాళ్లు వేసి మూస్తారు. పైన లక్క రంగు, మొగలాకుతో మెరుగు. చిన్నప్పుడు బడి నుంచి రాగానే మామ దుకాణంలో నా పని ఒకటే. తయారైన ప్రతి గిలక్కాయనూ చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు ఊపాలి. రాళ్లు సరిగా మోగితే ఇటు బుట్ట, ఇరుక్కుంటే అటు బుట్ట. ఎన్ని వేలు ఊపానో. గుండ్రటి వస్తువు చేతికొస్తే నా చెయ్యి నన్నడక్కుండానే చెవి దగ్గరకు పోతుంది. మా ఆవిడ కొబ్బరికాయ ఇచ్చినా అంతే, దానిమ్మపండు ఇచ్చినా అంతే. ఇంట్లో నవ్వేవాళ్లు.

మా బస నగరానికి అవతలి గట్టున, ఎర్ర నది దాటాక. నది మీద పాత ఇనుప వంతెన ఉంది. బాంబులు దాన్ని ఎన్నోసార్లు కూల్చాయట, వీళ్లు ఎన్నోసార్లు అతికించారట. అందుకే కొన్ని కమానులు ఎత్తుగా, కొన్ని బోడిగా, పళ్లూడిన నోరులా ఉంటుంది. దాని మీదే రైలు, పక్కనే స్కూటర్లు, అరటిగెలలు మోసుకుపోయే ఆడవాళ్లు.

రెండో రోజు మమ్మల్ని నగరం చూపించడానికి తీసుకెళ్లారు. చెప్పడానికి సిగ్గుపడను, నేను మొదట భయపడింది అక్కడి రోడ్డుకు. స్కూటర్లు వేలకు వేలు. ఆగవు. ఒకడు స్కూటరు మీద అద్దాల బీరువా తీసుకుపోతున్నాడు. ఇంకొకడు బతికున్న పందిని. మా దుబాసీ ఆ దేశపు సైన్యంలో లెఫ్టినెంటు, పాతికేళ్ల అమ్మాయి. ఇంగ్లీషు బాగా వచ్చు. రోడ్డు అంచున మమ్మల్ని వరసగా నిలబెట్టి చెప్పింది.

"ఆగకండి. పరుగెత్తకండి. వెనక్కి మాత్రం తగ్గకండి. నెమ్మదిగా, ఒకే నడకతో వెళ్లండి. వాళ్లే మిమ్మల్ని తప్పించుకుని పోతారు."

మా రేడియో ఆపరేటరుది టెక్కలి దగ్గర ఊరు. నన్ను బావా అంటాడు. వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"బావా, బోర్డర్లో ఉన్నప్పుడు కూడా ఇంత బయమెయ్యలేదు. నానిక్కడే ఉండిపోతాను. మీరెల్లి రండి."

"నోరు మూసుకుని నడు. అమ్మాయి సెప్పింది ఇన్నావు కదా?"

దాటాం. అవతల నిలబడి చూసుకుంటే చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది.

మా గేటు పక్కనే ఒక సందు. సందు మొదట్లో ఒక ముసలమ్మ టీ కొట్టు. పిల్లల బళ్లో వేసేంత పొట్టి ప్లాస్టిక్ స్టూళ్లు, గాజు గ్లాసుల్లో ఐసు వేసిన పచ్చ టీ. ఆమె గ్లాసులు కడిగే చోట నేల మీద గుండ్రటి కాంక్రీటు మూత ఒకటి ఉంది. మ్యాన్‌హోల్ అనుకున్నాను. కాదట. దుబాసీ అడిగి చెప్పింది. యుద్ధం రోజుల్లో నగరమంతా కాలిబాటల మీద మనిషికొక గొయ్యి తవ్వారు. ఒక్క మనిషి కూర్చునేంత గొయ్యి, పైన మూత. సైరను మోగితే ఎవరు ఎక్కడుంటే అక్కడి గోతిలోకి దిగి మూత లాక్కోవాలి. మిగతావన్నీ పూడ్చేశారు. ఈ ఒక్కదాన్ని ముసలమ్మ పూడ్చనివ్వలేదు.

ముసలమ్మకు అప్పుడు ఎనిమిదేళ్లట. స్తంభాల మీద లౌడ్‌స్పీకర్లు విమానాలు ఎంత దూరంలో ఉన్నాయో చెప్పేవట.

"యాభై కిలోమీటర్లు," అని ముసలమ్మ చెయ్యి చాపి చూపించింది. "ముప్పై," అని దగ్గరకు తెచ్చింది. "పదిహేను," అని ఆ చేతిని నెత్తిన మూతలా పెట్టుకుంది. తరవాత గ్లాసులు కడుక్కుంది.

ఆ లౌడ్‌స్పీకర్లు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున్నే చెత్తబండి గురించో టీకాల గురించో చెబుతాయి. అది తెలిశాక కూడా, అవి గరగరమన్నప్పుడల్లా నాకు ఆ కాంక్రీటు మూత ఎంత దూరంలో ఉందో కళ్లతో కొలుచుకోవడం అలవాటైపోయింది.

మూడో రోజు సాయంత్రం ఐదింటికి మేజర్ సాబ్ అనుమతితో నా మూట విప్పాను. దుబాసీ అప్పటికే ఇంటికి వెళ్లిపోయింది. పిల్లలకు బొమ్మలివ్వడానికి దుబాసీ ఎందుకు అనుకున్నాను. సందులో పిల్లలు పోగయ్యారు. ముసలమ్మ మనవరాలు లాన్ అందరికంటే ముందు. ఏడేళ్లుంటాయి, ముందు రెండు పళ్లు లేవు. నేను ఒక గిలక్కాయ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. మూడుసార్లు ఊపాను. కళ్లు పెద్దవి చేసి విన్నాను. పిల్లలు కిలకిలా నవ్వారు. తలా ఒకటి ఇచ్చి, నేను చేసినట్టు చెయ్యమన్నాను. ఎత్తు, చెవి దగ్గర పెట్టు, మూడుసార్లు ఊపు. సందంతా పద్దెనిమిది గిలక్కాయల మోత. రేడియో ఆపరేటరు ఫోన్లో తీశాడు. నా జన్మలో అంతమంది పిల్లలు నా మాట విన్నది అదే మొదటిసారి.

ముసలమ్మ ఒక్కతే నవ్వలేదు. లాన్ చేతిలోంచి గిలక్కాయ తీసుకుంది. అటూ ఇటూ తిప్పి, గాడుల మీద బొటనవేలితో రాసింది. నా వైపు చూసి నాలుగు మాటలు అంది. గొంతు పెంచలేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బాగుందని అంటోందనుకుని దణ్ణం పెట్టి నవ్వాను.

ఐదో రోజు శనివారం. మధ్యాహ్నం రెండున్నరకు క్లాసు. వాళ్ల కెప్టెన్ ఒకాయన ఈ నగరం చుట్టుపక్కల దొరికే రకాలు ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. అన్నీ మందు తీసేసిన డొల్లలు. పెద్ద బాంబుల సంగతి మాకు తెలుసు. చివరకు ఒక చిన్నది తీశాడు. విమానంలోంచి ఒక డబ్బా వదిలితే అది గాలిలో విచ్చుకుని ఇలాంటివి వందలు జల్లుతుందట. వీళ్లు దాన్ని జామకాయ బాంబు అంటారు. గోడ నిండా ఇనుప గుళ్లు. పడ్డవన్నీ పేలవు. పేలనివి మట్టిలో, కాలవల్లో, చెట్ల వేళ్లలో ఉండిపోతాయి. యాభై ఏళ్లయినా వాటి బుద్ధి మారదు.

డొల్లను చేతులు మార్చుతూ చూస్తున్నారు. నా దగ్గరకు వచ్చింది. గుండ్రం. జామకాయంత. చుట్టూ గాడులు.

నా చెయ్యి చెవి దగ్గరకు పోయింది. మూడుసార్లు ఊపాను. లోపల ఊడిన గుండు ఏదో ఉంది. గలగలమంది.

 కెప్టెన్ నన్నే చూస్తున్నాడు. దుబాసీ మెల్లగా అడిగింది. "మీరు ఎందుకలా చేశారని అడుగుతున్నారు."

డొల్లను మెల్లగా బల్ల మీద పెట్టాను.  పక్కనున్న రేడియో ఆపరేటరు నా వైపు వంగాడు. వాడు నా చెవిలో అన్నాడు.

"బావా, మన గిలక్కాయలు."

అవును. మందుపాతరల దళంలో పందొమ్మిదేళ్లు. ఎక్కడికెళ్లినా పిల్లలకు చెప్పే మొదటి పాఠం, నేల మీద దొరికిన వింత వస్తువు ముట్టుకోవద్దని. అలాంటివాణ్ని నేను సముద్రం దాటి వెళ్లి, జామకాయ బాంబులు దొరికే ఊళ్లో, పద్దెనిమిదిమంది పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఇలాంటిది దొరికితే చెవి దగ్గర పెట్టుకుని ఊపండి అని నేర్పాను. రంగు వేరు, కర్ర వేరు అని మీరనొచ్చు. తుప్పు పట్టి మట్టి పట్టిన దాన్ని ఏడేళ్ల పిల్ల కడిగి చూడదు. చేతికి ఎలా తగిలిందో అదే చూస్తుంది.

ఆరింటికి క్లాసు అవగానే మేజర్ సాబ్ దగ్గరకు వెళ్లి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"రేపు ఆదివారం. ఎనిమిదింటికి దుబాసీని తీసుకుని వెళ్లు. ప్రతి ఒక్కటీ వెనక్కి తీసుకురా. పద్దెనిమిదీ."

"సాబ్, ఇప్పుడే వెళ్తాను."

"గేటు మూసే టైమైంది. మనం అతిథులం. రేపు."

ఆ రాత్రి ఎనిమిదింటి నుంచి తెల్లారేదాకా వాన కొట్టింది. సందు వెనక కొత్త మురుగుకాలవ కోసం తవ్విన మట్టి గుట్టలుగా పోసి ఉంది. వాన చప్పుడు వింటూ నేను ఆ గుట్టల గురించే ఆలోచించాను. మట్టి ఎంత కరుగుతుంది, లోపలిది ఎంత బయటికి తేలుతుంది. మంచం మీద కూర్చునే ఉన్నాను.

ఆదివారం ఎనిమిదింటికి వాన వెలిసింది. దుబాసీ, సెట్టు భుజాన వేసుకున్న రేడియో ఆపరేటరు, నేను, ఒక ఖాళీ సంచి. ఇంటింటికీ తిరిగాం. ఇచ్చిన చేత్తోనే లాక్కోవడం ఎంత నీచంగా ఉంటుందో చేసినవాడికే తెలియాలి. పిల్లలు ఏడ్చారు. ఒకడు తలుపు వెనక దాక్కున్నాడు. తల్లిదండ్రులు మాత్రం దుబాసీ రెండు ముక్కలు చెప్పగానే తెచ్చి ఇచ్చేశారు. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. వాళ్లకు తెలుసు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా అమ్మ అంటూ ఉండేది. ఆ సందులో తలుపు తలుపుకీ అదే గుర్తొచ్చింది. ఎనిమిది నలభైకి సందు మొత్తం తిరిగేశాం.

చివరగా టీ కొట్టు. మేం అడక్కముందే ముసలమ్మ డ్రాయరు తాళం తీసి లాన్ గిలక్కాయ బయట పెట్టింది. బల్ల మీద పెట్టి దుబాసీతో మాట్లాడింది. దుబాసీ నా కళ్లలోకి చూడకుండా చెప్పింది.

"ఆ సాయంత్రమే మీకు చెప్పిందట. ఇది పిల్లల చేతిలో ఉండకూడదని. ఈమె అన్నకు పదకొండేళ్లప్పుడు ఇలాంటిదే దొరికిందట. గోతిలోంచి పైకొచ్చి, విమానాలు వెళ్లిపోయాయని తీసుకున్నాడట. మీకు చెబితే మీరు నవ్వారట."

నేను ఆ గిలక్కాయను జేబులో వేసుకుని చేతులు జోడించాను.  ముసలమ్మ ఆ చేతుల్ని చూసి తల పక్కకు తిప్పుకుంది.

"లాన్ ఏది?" అని అడిగాను.

మూడు రోజుల నుంచీ పిల్ల అలిగి ఉందట. అందరి దగ్గరా గిలక్కాయ ఉంది, తన దగ్గర లేదు. ఇప్పుడే వెనక వైపు వెళ్లింది.

వెనక వైపంటే మట్టిగుట్టలు.

నేను పరుగెత్తలేదు. ఎందుకు పరుగెత్తలేదో ఇప్పటికీ తెలియదు. మూల తిరిగేసరికి రేడియో ఆపరేటరు నా భుజం పట్టుకున్నాడు.

"బావా. అటు సూడు."

ముప్పై అడుగుల దూరం. పసుపు రెయిన్‌కోటు. గుట్ట అంచున వాన కోసిన చోట లాన్ నిలబడి ఉంది. రెండు చేతులతో ఏదో పట్టుకుని రెయిన్‌కోటుకు రాస్తోంది. గుండ్రం. జామకాయంత. మట్టి పోయిన చోట గాడులు కనిపిస్తున్నాయి.

నన్ను చూసింది. పళ్లు లేని నోటితో నవ్వింది. నాకూ దొరికింది చూడు అన్నట్టు దాన్ని ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది.

 పక్కన దుబాసీ కేక పెట్టడానికి ఊపిరి పీల్చింది. నేను చేత్తో ఆపాను. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి జారవిడుస్తుంది. లేదా దాన్ని పట్టుకుని మా వైపే పరుగెత్తుకొస్తుంది. నాకు ఆమె భాష రాదు. మా ఇద్దరికీ తెలిసిన మాట ఒక్కటే, నేను నేర్పిన ఆట. ఎత్తు, చెవి దగ్గర పెట్టు, ఊపు. రెండు అయిపోయాయి. మూడోది మిగిలింది.

నేను ఖాళీ చెయ్యి ఎత్తి నా చెవి దగ్గర పెట్టుకున్నాను. కదల్చలేదు. పిల్ల నన్ను చూసింది. ఆమె చెయ్యీ కదల్లేదు. ఎప్పుడు ఊపాలా అని నా చేతినే చూస్తోంది.

నడవడం మొదలుపెట్టాను. ఆగకుండా, పరుగెత్తకుండా, ఒకే నడకతో. ఆ రోడ్డు దాటినట్టే. వెనక్కి తగ్గకూడదు. ఆర్డరు మూడు తలలో మోగుతూనే ఉంది, తాకకూడదు, దగ్గరకు పోకూడదు. వెనక మావాడు రేడియోలో చెబుతున్నాడు.

"సాబ్, పిల్ల చేతిలో ఉంది. హవల్దార్ లోపలికి పోతున్నాడు. ఓవర్."

"ఆపు అతన్ని. ఓవర్."

"ఆగడు సాబ్. ఓవర్."

పదిహేను అడుగుల దగ్గర ఆగాను. నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాను. పిల్ల కూడా గొంతుక్కూర్చుంది. చెవి దగ్గరి చేతిని కిందికి దించాను. ఎంత నెమ్మదిగా అంటే భుజం నొప్పి పుట్టింది. ఆమె చెయ్యి నా చేతితోపాటే దిగింది. మధ్యలో ఒకసారి ఆమె పట్టు మారింది, వేళ్లు జారాయి, మళ్లీ పట్టుకుంది.  అరచెయ్యి నేలకు ఆన్చాను. వేళ్లు విప్పాను. ఆమె దాన్ని బురదలో పెట్టి వేళ్లు విప్పింది.

అయిపోలేదు. పిల్ల దాన్నే చూస్తోంది. మళ్లీ తీసుకోబోతోంది. ఎంతైనా దొరక్క దొరికింది. నా సంచి రేడియో ఆపరేటరు దగ్గర ఉంది, కానీ లాన్ గిలక్కాయ నా జేబులో ఉంది. తీశాను. చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు ఊపాను. ఏటికొప్పాక గులకరాళ్లు గలగలమన్నాయి.

"ఇదిగోనే అమ్మా, నీదే. రాయే. నా తల్లి కదా, రాయే," అన్నాను తెలుగులో.

తన గిలక్కాయను గుర్తుపట్టింది. లేచి నా వైపు పరుగెత్తింది. ఒక్కో అడుగుకీ నేను చచ్చి బతికాను. చేతికందగానే చంకనేసుకుని గోడ వెనక్కి వచ్చి పడ్డాను.  ముసలమ్మ వచ్చి పిల్లను లాక్కుని, ముందు చెంప మీద ఒకటి కొట్టి, తరవాత గుండెకు హత్తుకుంది. నేను గోడకు ఆనుకుని ఏడ్చాను. యూనిఫాంలో ఉండి అందరి ముందూ ఏడ్చాను.

పదకొండుంబావుకు వాళ్ల దళం ఇసుక బస్తాలు పేర్చి దాన్ని ఉన్నచోటే పేల్చింది. ముందు లౌడ్‌స్పీకరులో సందు ఖాళీ చెయ్యమన్నారు. ముసలమ్మ ఖాళీ చెయ్యలేదు, పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ కాంక్రీటు మూత పక్కనే కూర్చుంది. చిన్న చప్పుడే. ఇసుక బస్తాలు మాత్రం జల్లెడలా అయ్యాయి. మేజర్ సాబ్ ఒక బస్తాలో వేలు పెట్టి చూసి, "నీ మీద రిపోర్టు రాయాలి. రాయను," అన్నారు.

సంచి విప్పి లెక్క పెట్టాం. లాన్‌దీ కలిపి పదిహేడు.

మళ్లీ లెక్కపెట్టాం. పదిహేడే.

పద్దెనిమిదోది ఒక తాపీమేస్త్రీ కొడుకు దగ్గర ఉంది. కాలవ పనికి వచ్చిన కుటుంబం. శుక్రవారం బస్సులో సొంతూరు వెళ్లిపోయారు. ఏ ఊరని దుబాసీ పనివాళ్లందర్నీ అడిగింది. ఒకడు చెప్పాడు. దేశం నడుమన ఉన్న ఒక జిల్లా పేరు. ఆ పేరు వినగానే దుబాసీ పెన్ను ఆగిపోయింది. శనివారం క్లాసులో కెప్టెన్ మ్యాపు మీద ఎర్రరంగు నిండా పూసి చూపించిన జిల్లా అదే. అక్కడ పొలం దున్నితే చాలు, ఏదో ఒకటి తేలుతుంది.

"ఫోన్ నెంబరు?"

"ఎవరి దగ్గరా లేదు. నేను కనుక్కుంటాను. అక్కడి దళానికి రాస్తాను," అంది దుబాసీ.

రాసింది కూడా. మిగిలిన పదిహేడు రోజులూ పొద్దున్నే గేటు దగ్గర ఆమె కోసం నిలబడేవాణ్ని. దూరం నుంచే తల అడ్డంగా ఊపేది. లాన్ మాత్రం రోజూ గేటు దాకా వచ్చి చెయ్యి ఊపి పోయేది. ఇరవై మూడో రోజు ట్రక్కు ఎక్కాం. ముసలమ్మ గ్లాసుడు టీ తెచ్చి నా చేతికిచ్చింది. తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది.

అనకాపల్లి స్టేషన్లో దిగి, బస్సెక్కి ఎలమంచిలి, అక్కణ్నుంచి ఆటో. మామ దుకాణంలో మిషను తిరుగుతోంది. నా సంచి విప్పి చూసి మామ ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఎనక్కి తెచ్చేసేవేట్రా? నచ్చలేదా ఆల్లకి? మోగలేదా?"

అని ఒకటి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. నేను ఆయన చెయ్యి పట్టేసుకున్నాను. గట్టిగా పట్టుకున్నానట, మణికట్టు కమిలిందని తరవాత మా ఆవిడ చెప్పింది. ఆ రోజు మొత్తం చెప్పాను. మామ మిషను ఆపేసి విన్నాడు. చేతిలో గిలక్కాయను బుట్టలో పెట్టి అన్నాడు.

"నీకు నేర్పింది నానే కదరా."

ఆ తరవాత మామ గుండ్రటి గిలక్కాయలు మానేశాడు. పొడుగు పిడివి చేస్తున్నాడు. అవీ బాగానే పోతున్నాయి.

నేను రిటైరై రెండేళ్లయింది. బెల్లం మార్కెట్ దగ్గర టీ కొట్టులో అడుగుతుంటారు. "మిలిట్రీ మామా, ఆ దేశం ఎలగుంటాది?" అని. స్కూటర్ల సంగతి చెబుతాను. బతికున్న పందిని స్కూటరు మీద తీసుకుపోయినవాడి సంగతి చెబుతాను. నవ్వుతారు. రెండు మూడు నెలలకోసారి దుబాసీకి ఫోన్లో మెసేజ్ పెడతాను. ఆమె పాపం ప్రతిసారీ జవాబిస్తుంది. ఇంకా తెలియలేదు అని.

లాన్ ముఖం నాకు మరుపున పడుతోంది. బతికిన పిల్ల కదా, మనసు వదిలేసింది. నన్ను వదలనిది వేరే ఉంది. ఆ సాయంత్రం నా ముందు నిలబడ్డ పద్దెనిమిదిమందిలో ఆ మేస్త్రీ కొడుకు ఎవరో ఎంత తవ్వుకున్నా గుర్తుకు రాడు. రేడియో ఆపరేటరు తీసిన వీడియో ఎన్నిసార్లు చూశానో. అన్నీ నవ్వు ముఖాలే. వాన వెలిసిన పొద్దున ఎక్కడున్నా సరే నాకు కనిపించేది ఒక పొలం గట్టు, కొత్తగా దున్నిన ఎర్రమట్టి, ముఖం లేని ఒక పిల్లాడు. వాడికి గుండ్రంగా ఏదో దొరికింది. దాన్ని చొక్కాకు తుడుచుకుంటున్నాడు. చెవి దగ్గరకు ఎత్తుతున్నాడు. చుట్టూ చూస్తున్నాడు. చెయ్యి దించి చూపించడానికి వాడి ఎదురుగా నేను లేను.